పాత కంప్యూటర్‌ని తుక్కు బండికి వేసే ముందు

సంపాదకులు గారికి నమస్కారం.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో ఉన్నా మీ పత్రిక పాతపట్నం మీదుగా పొద్దున్నే మా షాపుకి వచ్చేస్తుంది, నేను షట్టరు ఎత్తగానే ముందు చేసే పని అది చదవడమే. మొన్న మీరు కంప్యూటర్ల మీద ఒక చిన్న వ్యాసం వేశారు. ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ (విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపే ఇంకో సిస్టమ్, ఉచితంగా దొరుకుతుంది) రెండూ పెట్టుకోవచ్చనీ అది పది నిమిషాల పని అనీ అందులో ఉంది. రెండూ పెట్టుకోవచ్చన్నది నూటికి నూరుపాళ్లు నిజం, నా షాపులో ఇప్పుడు అలాగే నడుస్తోంది. పది నిమిషాలన్న మాట మాత్రం చదవగానే గుండె గుభేలుమంది. ఎందుకంటే అదే మాట ఒకరు చెబితే నమ్మి నేను మూడేళ్ల పని పోగొట్టుకున్నాను. మీరు వదిలేసిన సంగతులు చెప్పాలని ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుతుంది, దయచేసి కత్తిరించకుండా వేయండి.

పద్దెనిమిదేళ్లుగా ఇక్కడ డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నాను. పెళ్లి కార్డులు, పెదకర్మ కార్డులు, కరపత్రాలు, అర్జీలు చేస్తాం. ఒకే కార్డు ఒక వైపు తెలుగు, రెండో వైపు ఒడియా అడిగేవాళ్లే సగం మంది, ఎందుకంటే ఇక్కడ పెళ్లికూతురిది పలాస, పెళ్లికొడుకుది గుణుపురం, పిలుపులు రెండు వైపులా వెళ్లాలి. నా కంప్యూటర్ 2016లో కొన్నది, ఆరో తరం ఐ3 ప్రాసెసర్. విండోస్ 10 మీద, పేజ్‌మేకర్ అనే పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో పని. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు అయిపోయింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం, ఆపై ప్రాసెసర్ ఉండాలి. నాది పనికిరాదని విండోసే చెప్పేసింది. అప్పటినుంచి మా వీధిలో ఒకటే మాట, "ఇది ఇంక చచ్చినట్టే, కొత్తది కొనండి". ట్యూషన్ మాస్టారు ఒకాయన బాగా నడుస్తున్న కంప్యూటర్‌ని తుక్కు బండికి ఇచ్చేశారు. మూడు రోజుల తర్వాత నాకు తెలిసింది. ఆ రోజంతా మనసు బాగోలేదు.

సపోర్టు అయిపోవడమంటే కంప్యూటర్ ఆగిపోవడం కాదండీ. కొత్తగా బయటపడే భద్రతా లోపాలకి మరమ్మతులు రావడం ఆగిపోతుంది, అంతే. ఇంట్లో వాడే కంప్యూటర్లకైతే అవి 2026 అక్టోబరు 13 వరకు తీసుకునే వీలు కూడా ఇచ్చారు, అందుకు నమోదు చేసుకోవాలి. అంటే ఆలోచించుకోవడానికి వ్యవధి ఉంది. ఈ ముక్క ఒక్కటి మీరు పెద్ద అక్షరాలతో వేసి ఉంటే మా మాస్టారి కంప్యూటర్ దక్కేది.

ఇక నా సంగతి. 2022లో మెషీన్ బాగా నెమ్మదించింది. ఒక రిపేరు షాపుకి తీసుకెళ్లాను, ఎక్కడిదో ఎవరిదో చెప్పను. అక్కడి కుర్రాడు "లినక్స్ కూడా వేసేస్తానమ్మా, పది నిమిషాలు, రెండూ ఉంటాయి" అన్నాడు. సరేనన్నాను. సాయంత్రం తెచ్చి ఆన్ చేస్తే తెర చాలా అందంగా ఉంది, వేగంగా కూడా ఉంది, కానీ నా డీ డ్రైవ్ లేదు. విండోసూ లేదు. మూడేళ్ల పెళ్లి కార్డులు, సంవత్సరీకాల కార్డులు, సవర ఊళ్ల నుంచి వచ్చిన అర్జీల నమూనాలు, అన్నీ పోయాయి. అవి మళ్లీ చేసుకోవచ్చు. కానీ ఒక ముసలాయన వాళ్లావిడ ఫోటో నా దగ్గర స్కాన్ చేయించాడు, అసలు ఫోటో 2018లో తిత్లీ తుఫానులో తడిసి పాడైపోయిందట, మిగిలింది నా కంప్యూటర్‌లో ఉన్న ఆ ఒక్క కాపీయే. తర్వాతి ఏడాది సంవత్సరీకానికి కార్డు వేయించడానికి వచ్చి "అమ్మా, మా ఇంటిదాని ఫోటో నీ దగ్గరుంది కదా" అన్నాడు. ఆయనకి ఏం చెప్పానో ఇక్కడ రాయలేను.

ఎక్కడ తప్పు జరిగిందో తర్వాత తెలిసింది. లినక్స్ వేసేటప్పుడు ఒక తెర వస్తుంది. మొదటి వరుసలో విండోస్ పక్కన దీన్ని కూడా వేయమంటారా అని ఉంటుంది. రెండో వరుసలో డిస్కు మొత్తం తుడిచేసి వేయమంటారా అని ఉంటుంది. మూడోది మేమే చూసుకుంటాం అన్నట్టు. ఒక్కోసారి విండోస్ ఉన్న సంగతి ఆ తెరకి కనపడదు, అప్పుడు మొదటి వరుసే రాదు, తుడిచేసేది పైకి వచ్చి కూర్చుంటుంది. అలవాటుగా పైనున్నది నొక్కేవాడి చేతిలో కొంప మునిగేది అక్కడే. మొదటి వరుస లేకపోతే ముందుకు వెళ్లకూడదు, ఆపేసి బయటికి వచ్చేయాలి. మీ వ్యాసంలో ఈ తెర గురించి ఒక్క ముక్క లేదు.

విండోస్ మళ్లీ వేయించి పని నడిపాను కానీ లినక్స్ పేరెత్తితే టెన్షన్. పోయిన దసరా సెలవులకి మా అప్ప కొడుకు వచ్చాడు, గుణుపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. "పిన్నీ, ఈసారి నేను పక్కనుంటాను, నువ్వే చెయ్యి" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. వాడు మౌసు ముట్టలేదు. రెండు సాయంత్రాలు పట్టింది.

మొదటి సాయంత్రం అంతా కాపీలే. బయటి హార్డ్ డిస్కులోకి మొత్తం ఎక్కించి, ఎక్కించాక ఆ డిస్కుని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూశాం. కాపీ అయిందన్న మాట వేరు, తెరుచుకుందన్న మాట వేరు. తర్వాత బిట్‌లాకర్, అంటే డిస్కుకి విండోస్ వేసే తాళం, ఉందేమో చూడమన్నాడు. నా పాత మెషీన్‌లో లేదు, కానీ కొత్త ల్యాప్‌టాపులు చాలావాటిలో డిస్కుకి తాళం మనకి చెప్పకుండానే పడి ఉంటుంది, లినక్స్ వేయడానికి సెట్టింగులు కదిపితే మర్నాడు విండోస్ 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. ఆ అంకెలు ముందే కాగితం మీద రాసి పెట్టుకోకపోతే మన సొంత ఫైళ్లే మనకి రావు. ల్యాప్‌టాపులో రెండో సిస్టమ్ వేసుకోవాలనుకున్న ప్రతి ఒక్కరికీ ఇది ముందు చెప్పాలి, మిగతావన్నీ తర్వాత.

ఫాస్ట్ స్టార్టప్ అని విండోస్‌లో ఒకటుంది, పవర్ సెట్టింగుల్లో ఉంటుంది, అది ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే మనం షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది, ఆ డిస్కుని లినక్స్ చూడనిస్తుంది గానీ రాయనివ్వదు.

రెండో సాయంత్రం అసలు పని. విండోస్‌లోనే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి డ్రైవ్‌ని కుదించాలి. ఎంత కుదించమంటారని ఎంబీల్లో అడుగుతుంది. నేను 100 జీబీ కదా అని 100 కొట్టబోయాను. మావాడు "పిన్నీ, అది ఎంబీ" అన్నాడు. ఒక జీబీకి 1,024 ఎంబీలు కాబట్టి 1,02,400 కొట్టాలి. నల్లగీతతో "అన్‌అలొకేటెడ్" అని ఖాళీ స్థలం కనపడుతుంది, దాన్ని అలాగే వదిలేయాలి, కొత్త డ్రైవ్‌గా చేయకూడదు, లినక్స్ వచ్చి కూర్చునేది అక్కడే. ఈ పని జరుగుతున్నప్పుడు కరెంటు పోతే డిస్కు చెడిపోయే ప్రమాదం ఉంది. మా ఊళ్లో కరెంటు సంగతి మీకు తెలుసు, అందుకని పక్క షాపు వాళ్ల యూపీఎస్ అరువు తెచ్చుకుని మరీ చేశాను.

ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్‌లోకి లినక్స్ మింట్ ఎక్కించాం, లినక్స్‌లో అదొక రకం. మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం ఉంది, నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్లకి అది హాయి. డబ్బు కట్టక్కర్లేదు. పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కాలి, కొన్ని కంపెనీలకి ఎఫ్9, కొన్నిటికి ఎస్కేప్. అక్కడ అదే పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనపడొచ్చు, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ (కంప్యూటర్ మొదలయ్యే కొత్త పద్ధతి) అని ఉంటుంది, రెండోదానికి ఉండదు. ఏది నొక్కాలనేది మన విండోస్ ఏ పద్ధతిలో వేసి ఉందో దాన్ని బట్టి ఉంటుంది. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే బయోస్ మోడ్ అన్నచోట యూఈఎఫ్ఐ అనో లెగసీ (పాత పద్ధతి) అనో రాసి ఉంటుంది. రెండు సిస్టములూ ఒకే పద్ధతిలో ఉండాలి. ఒకటి ఇలా ఒకటి అలా వేస్తే తర్వాత రెండోది కనపడక, పోయిందనుకుని జనం మళ్లీ మొత్తం తుడిచేయిస్తారు. పోయి ఉండదు, అక్కడే ఉంటుంది.

పెన్‌డ్రైవ్ నుంచి తెరిచాక వెంటనే వేసేయనక్కర్లేదు. డిస్కుని ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ మీదే వాడి చూడొచ్చు. వైఫై పనిచేస్తుందా, శబ్దం వస్తుందా, స్కానర్ కనపడుతుందా, ప్రింటర్‌లో ఒక కాగితం వస్తుందా అని చూసుకోవాలి. నేను ఒక గంట అదే చేశాను. పెళ్లిచూపులకి వెళ్లి మాట్లాడి చూసినట్టు, నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేసి మళ్లీ ఆన్ చేస్తే మన విండోస్ మనకి. నచ్చాక ఆ తెర దగ్గర మొదటి వరుస ఎంచుకున్నాను. చేతికి చెమట పట్టింది. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. మీ పది నిమిషాలకి లెక్క ఇదే అయ్యుంటుంది, ముందున్న రెండు సాయంత్రాలని మీ వ్యాసం వదిలేసింది.

ఇప్పుడు ఆన్ చేయగానే నల్లటి తెర మీద రెండు పేర్లు వస్తాయి, పైన మింట్, కింద విండోస్, బాణం గుర్తుతో ఏది కావాలంటే అది. కొన్ని సెకన్లు చూసి మనం ఏమీ నొక్కకపోతే పైనున్నది తెరుచుకుంటుంది. పని ఫైళ్లన్నీ డీ డ్రైవ్‌లోనే ఉంచాను, దాన్ని రెండు సిస్టములూ చూడగలవు. లినక్స్ సొంత భాగంలో దాచినవి మాత్రం విండోస్‌కి మామూలుగా కనపడవు, ఇది గుర్తుపెట్టుకుంటే చాలా గందరగోళం తప్పుతుంది.

రెండు రోజులు బాగా నడిచింది. మూడోరోజు పొద్దున పది గంటల పది నిమిషాలకి విండోస్ తెరిస్తే గడియారం నాలుగు గంటల నలభై నిమిషాలు చూపించింది. సరిచేశాను. రాత్రి లినక్స్ వాడి పొద్దున విండోస్ తెరిస్తే మళ్లీ అంతే వెనక్కి. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయిందనుకుని కొత్తది కొని వేశాను. మళ్లీ అదే. చివరికి మావాడికి ఫోన్ చేస్తే "ఎంత తేడా ఉంది పిన్నీ, సరిగ్గా అయిదున్నర గంటలా?" అన్నాడు. సరిగ్గా అంతే. మదర్‌బోర్డు మీది గడియారాన్ని విండోస్ మన భారత సమయంగా లెక్కేస్తుంది, లినక్స్ గ్రీనిచ్ సమయంగా లెక్కేస్తుంది, రెంటికీ తేడా అయిదున్నర గంటలు. లినక్స్‌కి ఒకే ఒక్క ఆదేశం ఇచ్చి స్థానిక సమయమే తీసుకోమంటే ఆ గొడవ తీరిపోయింది. ఇంత చిన్న విషయానికి జనం బ్యాటరీలు మార్పిస్తున్నారు, సిస్టమే పాడైందని రెండోదాన్ని తీసేయిస్తున్నారు. తెలుగులో రెండు వాక్యాలు రాసి ఉంటే చాలు కదండీ.

విండోస్ అప్‌డేట్లు వచ్చినప్పుడు ఒక్కోసారి ఆ రెండు పేర్ల తెర మాయమై నేరుగా విండోసే తెరుచుకోవచ్చు. బయోస్‌లోకి, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పటి లోపలి సెట్టింగుల్లోకి, వెళ్లి వరుసలో లినక్స్‌ని పైకి తెస్తే చాలావరకు తిరిగి వస్తుంది. 2024 ఆగస్టులో వచ్చిన ఒక అప్‌డేట్ తర్వాత చాలా దేశాల్లో, సెక్యూర్ బూట్ అనే భద్రతా కాపలా ఆన్‌లో ఉన్న జంట సిస్టముల్లో కొన్నిటికి లినక్స్ తెరుచుకోలేదు, తర్వాత సరిచేశారు. అలాంటివి ఉంటాయి. అందుకే ఆ పెన్‌డ్రైవ్‌ని తుడిచి సినిమాలు ఎక్కించుకోకుండా డ్రాయర్‌లో పెట్టుకోమంటాను, తెరుచుకోని రోజున దాంతో లోపలికి వెళ్లి ఫైళ్లు తీసుకోవచ్చు.

అయితే విండోస్ పూర్తిగా తీసేయొచ్చు కదా అని అడుగుతారు. నా పనికి కుదరదు. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ లినక్స్‌లో నేరుగా నడవవు. పాత కార్డు తెచ్చి "పేర్లు మార్చి ఇవ్వమ్మా" అంటే ఆ ఫైలు అందులోనే తెరవాలి. నా వేలిముద్ర యంత్రం కూడా విండోస్‌లోనే నడుస్తోంది. అందుకే రెండూ కావాలి. కానీ ఇంటర్నెట్ పని, దరఖాస్తులు, పిల్లల ప్రాజెక్టులు, అర్జీలు, కొత్తగా వేసే తెలుగు అంతా ఇప్పుడు మింట్‌లోనే చేస్తున్నాను. మింట్ 22కి 2029 వరకు భద్రతా అప్‌డేట్లు ఉన్నాయి. విండోస్‌ని కార్డుల పనికి, వేలిముద్ర యంత్రానికి మాత్రమే తెరుస్తున్నాను, కార్డుల పని చేసేటప్పుడు ఇంటర్నెట్ తీసేస్తాను.

నాకు అన్నిటికంటే పెద్ద భయం టైపింగ్. పద్దెనిమిదేళ్లుగా వేళ్లు ఆపిల్ అనే తెలుగు కీబోర్డు వరుస మీద పడి ఉన్నాయి, తెలుగు డీటీపీ చేసేవాళ్లకి ఈ మాట అర్థమవుతుంది. యూనికోడ్‌లో (ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి) కొట్టాలంటే ఇన్‌స్క్రిప్ట్ అనే ఇంకో వరుస మొదటినుంచి నేర్చుకోవాలేమో అనుకున్నాను. లినక్స్‌లో భాషలు టైపు చేసే ఐబస్ అనే సాధనంలో ఎమ్17ఎన్ అనే ప్యాకేజీ వేశాక తెలుగు కింద జాబితా చూస్తే ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఆర్‌టీఎస్ ఉంది, ఆపిల్ కూడా ఉంది! ఎవరో ఎక్కడో కూర్చుని, పైసా తీసుకోకుండా, మనలాంటి వాళ్ల వేళ్ల కోసం ఆ వరుస రాసి పెట్టారు. మొదటి మాట "శ్రీరస్తు" కొట్టాను. ఒత్తులు తిన్నగా పడ్డాయి. అదే జాబితాలో ఒడియా కూడా ఉంది, ఒక మీట నొక్కితే అటు, ఇంకో మీట నొక్కితే ఇటు. అను ఫాంట్లలో కొట్టిన తెలుగుని వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్లకి పిచ్చి అక్షరాలు కనపడతాయి, ఇది అలా కాదు, ఫోన్‌లో కూడా తెలుగులాగే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది.

ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో ఒకదాని పేరు గిడుగు. శీర్షికలకి పనికొచ్చే ఫాంటు, అక్షరాల అంచులు విరిగినట్టుంటాయి. గిడుగు రామమూర్తి గారు మా ఊళ్లోనే పంతులుగా పనిచేశారు, సవరల భాష ఇక్కడే నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం రాశారు. ఆ సవర భాషకి 1936లో మంగేయి గొమాంగో గారు సొరంగ్ సంపెంగ్ అనే లిపి చేశారు, అది 2012లో యూనికోడ్‌లోకి వచ్చింది, దానికి ఉచిత ఫాంటు కూడా ఉంది. తెలుగు, ఒడియా, సవర మూడూ ఒకే కాగితం మీద నా పాత మెషీన్‌లో టైపు చేసి, గుణుపురం వైపు నుంచి వచ్చిన ఒక సవర కుర్రాడికి ప్రింటు తీసి ఇచ్చాను. వాడు ఆ కాగితం మడవకుండా పట్టుకెళ్లాడు.

ఇంకోటి. ఇక్కడ మా పిల్లలు బళ్లో ఒడియా, ఇంగ్లిషు చదువుతారు. తెలుగు ఇంట్లో మాట్లాడతారు, అంతవరకే, చదవడానికి మీ పత్రిక తప్ప కళ్ల ముందు తెలుగు అక్షరం లేదు. లినక్స్‌లో మొత్తం తెరని తెలుగులోకి మార్చుకునే వీలుంది, అనువాదం అన్నిచోట్లా పూర్తిగా లేకపోయినా చాలావరకు ఉంది. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు ఇలాంటి తెలుగు సిస్టమ్ కోసమే ఏళ్ల తరబడి పనిచేశారు. నేను షాపులో పిల్లలు కూర్చునే రెండో కంప్యూటర్‌కి తెలుగు పెట్టాను. మా పక్కింటి పాప "దస్త్రం" అంటే ఏంటని అడిగింది. ఫైలు అని చెప్పాను. ఇప్పుడు వాళ్లమ్మతో దస్త్రం అనే అంటోంది.

కేరళలో ప్రభుత్వ బళ్లలో ఏళ్లుగా ఇలాంటి ఉచిత సిస్టములతోనే పాఠాలు చెబుతున్నారు, అక్కడ మలయాళంలో పుస్తకాలున్నాయి, మాస్టార్లకి శిక్షణ ఉంది. మనకి అంత లేకపోయినా పత్రికలున్నాయి కదండీ. మీరు రాస్తే శ్రీకాకుళం నుంచి రాయగడ దాకా, అటు బరంపురం దాకా చదివేవాళ్లున్నారు. అందుకని నా విన్నపం: ఆదివారం సంచికలో ఒక పూర్తి పేజీ ఇవ్వండి. కాపీ తీసుకోవడం, 48 అంకెలు, కుదించేచోట ఎంబీ లెక్క, ఆ మూడు వరుసల తెర, అయిదున్నర గంటల గడియారం, ఇవన్నీ బొమ్మలతో వేయండి. తెర ఫోటోలు కావాలంటే నేను పంపుతాను, డబ్బులేమీ వద్దు. రిపేరు షాపుల వాళ్లకి కూడా ఒక మాట రాయండి, తుడిచేముందు యజమానిని పిలిచి తెర చూపించి, అవునంటేనే నొక్కమని. పది నిమిషాలు అన్న మాట మాత్రం ఈసారి వేయకండి.

మా ట్యూషన్ మాస్టారికి నా దగ్గరున్న పాత ల్యాప్‌టాపులో రెండు సిస్టములూ వేసి ఇస్తానని చెప్పాను. వచ్చే ఆదివారం వస్తారు, మౌసు ఆయన చేతిలోనే ఉంటుంది. మీ పేజీ అప్పటికి రాకపోయినా ఫరవాలేదు. వచ్చిన రోజు మాత్రం రెండు కాపీలు ఎక్కువ తెప్పించి, ఒకటి జిరాక్స్ మెషీన్ పైన గోడకి అంటిస్తాను.

ఇట్లు,
ఒక డీటీపీ షాపు యజమానురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా